తోక తగిలించుకున్న మనిషేనా?

ఆన్‌లైన్ అంతరిక్ష ఆటల్లో గ్రహాంతరవాసుల పాత్రలు వేసేవాళ్ల మీద ఒక తీర్పు చాలాకాలంగా చలామణీలో ఉంది. ఆటల ముఖం చూడనివాళ్లు అనే మాటైతే పట్టించుకోనక్కర్లేదు. ఏళ్ల తరబడి అవే ఆటలు ఆడుతున్నవాళ్లు కూడా అంటున్నారు: "ఎంత చేసినా అది తోక తగిలించుకున్న మనిషే. మనిషి కానిది మనిషి బుర్రకు అందదు. అందనిదాన్ని నటించడమేమిటి, అందుకోసం నేర్చుకోవడమేమిటి?" వినడానికి ఈ మాటలో వినయం, వివేకం రెండూ ఉన్నట్టు తోస్తుంది. అందుకే దీనికి ఎవరూ ఎదురు చెప్పడం లేదు. కొత్తగా వచ్చిన కుర్రవాడు బల్లి జాతి పాత్ర ఎంచుకుని తడబడుతుంటే ఈ ఒక్క వాక్యంతో అతని నోరు మూయిస్తున్నారు. ఈ తీర్పు తప్పు. ఇది వివేకం వేషం వేసుకున్న బద్ధకం. ఎందుకో చెబుతాను.

సిద్ధాంతం దగ్గర మొదలుపెట్టను, ఒక ఆటను పట్టుకుని మాట్లాడతాను. స్పేస్ స్టేషన్ 13 అనే ఆట 2003లో బయాండ్ అనే వేదిక మీద పుట్టింది. మొదట్లో అది స్టేషన్ గదుల్లో గాలి ఎలా పారుతుంది, గోడకు కన్నం పడితే ఎలా బయటికి పోతుంది అని చూపించే నమూనా. ఆ తర్వాత దాని కోడ్ బయటపడింది. ఔత్సాహికులు దాన్ని ఎవరి సర్వర్‌లో వాళ్లు, ఎవరి అభిరుచిని బట్టి వాళ్లు పెంచుకుంటూ వచ్చారు. పైనుంచి చూసినట్టు కనిపించే గళ్ల నేల, 32 పిక్సెళ్ల బొమ్మలు, పక్కన గబగబా దొర్లిపోయే అక్షరాలు. కళ్లు చెదిరే దృశ్యమేమీ లేదు. అయితే ప్రతి బొమ్మ వెనకా ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఒకరు కెప్టెన్, ఒకరు డాక్టర్, ఒకరు ఇంజనీర్, ఒకరు వంటవాడు, ఒకరు నేల తుడిచేవాడు. వాళ్లలో ద్రోహి ఎవరో తెలియదు. అందరినీ ఎక్కించుకుని షటిల్ బయల్దేరేదాకా అక్కడ జరిగే ప్రతి సంభాషణా ఆ క్షణంలో కల్పించుకున్నదే.

గాలి లెక్కతో మొదలైన ఆట కావడం వల్ల అందులో ఊపిరికి ప్రాణమంత విలువ ఉంది. ఆ విలువ గ్రహాంతర జాతులకూ సంక్రమించింది. వోక్స్ అనే పక్షిలాంటి జాతికి ఆక్సిజన్ విషం, వాళ్లు పీల్చేది నైట్రోజన్. ప్లాస్మామెన్ అనేవాళ్లు సూట్ లేకుండా మామూలు గదిలో అడుగుపెడితే ఒళ్లు అంటుకుంటుంది. డయోనా అనేది చిన్న చిన్న ప్రాణులెన్నో కలిసి ఒక్క దేహంగా నిలబడిన మొక్కలాంటి జీవి. వెలుతురే దాని తిండి, చీకట్లో అది క్షీణిస్తుంది. స్క్రెల్ అనే ఉభయచర జాతికి మాంసం పడదు, మద్యం మనిషికి ఎక్కేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కుతుంది. ఉనాథీ అనే బల్లి జాతివాళ్లు వేడిని ఓర్చుకుంటారు, చలికి మాత్రం మనిషికన్నా ముందే కుంగుతారు. సర్వర్‌ను బట్టి వివరాలు మారుతుంటాయి కానీ సూత్రం మారదు. పాత్ర ఎంచుకున్న క్షణం నుంచి మీకు వేరే శరీరం వస్తుంది.

"తోక తగిలించుకున్న మనిషి" అనే విమర్శ చెల్లని చోటు సరిగ్గా ఇదే. వోక్స్ పాత్రధారి వంటశాలలోకి వచ్చాడనుకోండి. తోటివాళ్లంతా బల్ల చుట్టూ కూర్చున్నారు. వంటవాడు ప్రేమగా పళ్లెం అందించాడు. తినాలంటే నోటిమీది మాస్క్ దించాలి. దించితే లోపలికి పోయేది విషం. అందరికీ విశ్రాంతి అయిన భోజనం అతనికి అపాయం. అతను పళ్లెం పట్టుకుని వెళ్లి ఎక్కడైనా ఒంటరిగా తినాలి, లేదా ఊపిరి బిగపట్టి రెండు ముద్దలు మింగాలి, లేదా ఆకలి లేదని అబద్ధం చెప్పాలి. మూడింట్లో ఏది చేసినా చూసేవాళ్లకు అతను కలుపుగోలు లేనివాడనిపిస్తుంది. ఆ అపార్థాన్ని అతను ఎలా మోస్తాడు? ట్యాంకులో నైట్రోజన్ ఎంత మిగిలిందో నిమిష నిమిషానికీ చూసుకునేవాడు స్నేహాన్ని ఎలా లెక్కేస్తాడు? ఈ ప్రశ్నలకు జవాబు ఆటగాడి సొంత స్వభావంలో దొరకదు. వెతకాలి, కల్పించాలి, మళ్లీ మళ్లీ ఆడి సరిదిద్దుకోవాలి. నేర్చుకోవడం అంటే నేననేది ఇదే.

ఇక సిద్ధాంతానికి వస్తాను. ఈ తీర్పు ఇచ్చేవాళ్లలో చదువుకున్నవాళ్లు ఇద్దరి పేర్లు తప్పక చెబుతారు. ఒకరు తత్వవేత్త థామస్ నాగెల్. గబ్బిలంగా ఉండడం ఎలా ఉంటుందని అడుగుతూ ఆయన 1974లో రాసిన వ్యాసం ప్రసిద్ధం. ప్రతిధ్వనితో లోకాన్ని గ్రహించే జీవి అనుభవం మనకు అందదని, నన్ను నేను తలకిందులుగా వేలాడుతున్నట్టు ఊహించుకుంటే గబ్బిలంలా ప్రవర్తించే నాకు ఎలా ఉంటుందో తెలుస్తుందే తప్ప గబ్బిలానికి ఎలా ఉంటుందో తెలియదని ఆయన వాదన. వాదనతో నాకు పేచీ లేదు. దాన్ని ఇక్కడ అతికించడంతోనే పేచీ. నటన ఎన్నడూ ఎదుటి జీవి లోపలి అనుభవాన్ని యథాతథంగా పొందుతానని మాట ఇవ్వలేదు. రంగస్థలం మీద దుర్యోధనుడు తొడ విరిగి పడిపోయినప్పుడు నటుడి తొడ విరగాలని ఎవరూ కోరరు. ఇలాంటి శరీరం, ఇలాంటి పెంపకం, ఇలాంటి భయం ఉన్నవాడు ఇప్పుడు ఏం చేస్తాడు అన్నదే నటుడు తేల్చుకోవాల్సింది. పైగా నాగెల్ ఆ వ్యాసాన్ని నిరాశతో ముగించలేదు. సానుభూతి మీద, ఊహ మీద మాత్రమే ఆధారపడకుండా, ఆ అనుభవం లేనివారికి కూడా కొంతవరకైనా అర్థమయ్యేలా దాని స్వరూపాన్ని వర్ణించే పద్ధతి ఒకటి కావాలని చివర్లో ప్రతిపాదించాడు. శీర్షిక చదివి వాదనకు దిగేవాళ్లు అక్కడిదాకా వెళ్లరు.

రెండోవాడు పోలండ్ రచయిత స్తానిస్వాఫ్ లెమ్. 1961లో వచ్చిన 'సొలారిస్' నవలలో గ్రహాన్నంతా కమ్ముకున్న ఒక సముద్రం ఉంటుంది. దాని గురించి మనుషులు తరతరాలుగా గ్రంథాలు రాస్తారు. ఏమీ అర్థం కాదు. గొప్ప నవల, అందులో సందేహం లేదు. దాన్ని పట్టుకుని "నిజమైన గ్రహాంతరవాసి అంటే అదీ, బొత్తిగా అర్థం కాకూడదు" అనేవాళ్లున్నారు. వాళ్ల సలహా విని కొందరు కొత్త ఆటగాళ్లు అర్థంపర్థం లేకుండా ప్రవర్తించడమే గొప్ప నటన అనుకుంటున్నారు. డాక్టర్ చెయ్యి పట్టుకుంటే గోడకేసి తల బాదుకోవడం, పలకరిస్తే నేల నాకడం. ఇది సొలారిస్ కాదు. సొలారిస్ సముద్రానికి పక్కన ఉద్యోగం చేసే సహోద్యోగులు లేరు. మన ఆటలోని స్టేషన్‌లో ఉన్నారు. ఇంజన్ ఆగిపోతే బాగుచెయ్యాలి, గాయపడినవాణ్ణి పడుకోబెట్టాలి, దొంగను పట్టుకోవాలి. కలిసి పనిచేసే చోట పరాయితనం ఎక్కడ బయటపడుతుందంటే, సగం అర్థమై సగం అర్థం కాని చోట. చూసేవాడికి మొదట వింతగా ఉండాలి, ఆలోచిస్తే "అవును, ఆ శరీరానికి అదే న్యాయం" అనిపించాలి. కారణం లేని వింత ఎవరైనా చెయ్యగలరు. కారణమున్న వింతకు సాధన కావాలి.

మన తెలుగు పాఠకులకు "అది మనిషే కదా" అన్న అనుమానం మరింత సహజంగా రావడానికి ఒక కారణం ఉందనుకుంటాను. మనిషి కాని ప్రాణుల నోట మనం మొదట విన్నది నీతికథలు. చిన్నయసూరి నీతిచంద్రికలో పావురాల రాజు చిత్రగ్రీవుడు, ఎలుక హిరణ్యకుడు, కాకి లఘుపతనకం మాట్లాడుకునేది మనుషుల మైత్రి గురించి, మనుషుల రాజనీతి గురించి. అక్కడ జంతువు నిజంగానే ముసుగు. ఆ అలవాటుతో చూస్తే బల్లి జాతి ఇంజనీర్ కూడా ముసుగులాగే కనిపిస్తాడు. కానీ ఆ కథనే మళ్లీ ఒకసారి చదవండి. పావురాలు చిక్కుకున్న వల తెగింది ఎలుక పళ్లవల్ల. హిరణ్యకుడికి ఎలుక పళ్లు లేకపోతే మిత్రలాభం ఆ వలలోనే ఆగిపోయేది. నీతి మనిషిదే అయినా కథ నడిచింది జంతువు శరీరం మీద. నీతికథ ఆ శరీరాన్ని అవసరమైనంత మేరకు వాడుకుని వదిలేస్తుంది. పాత్రలోకి దిగి ఆడే రోల్‌ప్లే దాన్ని వదలదు, ఆ పళ్లతో బతకడం ఎలా ఉంటుందో చివరికంటా అడుగుతుంది.

విమర్శకులకు బలం ఇస్తున్నది మన వాళ్ల చెడ్డ ఆటే అని ఒప్పుకోవాలి. అన్నిటికన్నా పెద్ద జబ్బు యాస. బల్లి జాతి అనగానే "సరే" అనడానికి బదులు "స్స్సరే" అని రాయడం. కొన్ని సర్వర్లలో కోడే ఆ బుసను తనంతట తాను జోడిస్తుంది. పిల్లి జాతి అయితే తన గురించి తాను మూడో మనిషిలా మాట్లాడడం. ఇంతటితో పాత్ర తయారైందని సంతృప్తి పడేవాళ్లు ఎందరో. ఇందులో తప్పేమిటో తెలుగువాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. మన సినిమాలు దశాబ్దాల తరబడి తెలంగాణ యాసను హాస్యగాడికి, రౌడీకి కట్టబెట్టాయి. ఆ యాస మాట్లాడే మనిషికి ఇల్లు, కష్టం, ఆలోచన ఉంటాయన్న స్పృహ తెరమీద కనిపించేది కాదు. యాసే మనిషి అయిపోయింది. అది ఎంత గాయపరిచిందో తెలంగాణ ఉద్యమకాలంలో విన్నాం. కల్పిత జాతే కదా అని బుసకొట్టడంతో సరిపెట్టేవాడు అదే అలవాటును సాధన చేస్తున్నాడు. ఊహలో అలవాటైన చూపు మనుషుల మీదికి మళ్లడానికి ఎంతో సేపు పట్టదు.

నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా చెప్పింది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం. తోక, పొలుసులు, కొమ్ములు ఆహార్యం. బుస వాచికం, అదీ వాచికంలో అట్టడుగు మెట్టు. విమర్శకులు ఈ రెండింటినే చూసి మొత్తం కళ మీద తీర్పు చెబుతున్నారు. అక్షరాలతో ఆడే ఆటలో ఆంగికం ఎక్కడుంటుందని అడగవచ్చు. ఎమోట్‌లో ఉంటుంది. మాట కాకుండా చేష్టను వాక్యంగా రాసే సదుపాయం అది. చలిగదిలోకి వెళ్లిన ఉనాథీ పాత్రధారి "వణుకుతున్నాడు" అని రాస్తే అది మనిషి వణుకే. "మాట మధ్యలో ఆగిపోయి, జవాబు ఎక్కడ వదిలేశాడో వెతుక్కుంటున్నట్టు నిలబడ్డాడు" అని రాస్తే, వెచ్చదనం తగ్గితే మొత్తం ఒళ్లే మందగించే ప్రాణి కళ్లముందు నిలుస్తుంది. పక్కనున్నవాడు ఏం చెయ్యాలో కూడా ఆ వాక్యమే చెబుతుంది. టీవీ సీరియళ్లలో గ్రహాంతరవాసులంతా నుదుటిమీద గడ్డలున్న మనుషుల్లా ఉండడానికి మేకప్ ఖర్చులు, నటుల ముఖాలు కారణం. అక్షరానికి ఆ ఖర్చు లేదు. మూడు గుండెలున్న ప్రాణిని రాయడానికీ ఒక గుండె ఉన్నవాణ్ణి రాయడానికీ పట్టే సిరా ఒకటే. ఈ స్వేచ్ఛను వాడుకోనందుకు ఆటగాళ్లను నిందించండి, నేనూ గొంతు కలుపుతాను. స్వేచ్ఛే లేదనకండి.

వాచికం కూడా యాసతో ఆగిపోదు. దానికి నేను చూపగల గొప్ప ఉదాహరణ స్టార్ వార్స్ గెలాక్సీస్. 2003 జూన్‌లో వచ్చి 2011 డిసెంబరులో మూతపడిన ఆన్‌లైన్ ఆట అది. 2004లో అందులో అంతరిక్ష యానం కూడా చేరింది. ఆ ఆటలో ప్రతి జాతికీ సొంత భాష ఉండేది. ఆ భాష రాని ఆటగాడి తెరమీద అవతలివాడి మాటలు అర్థం కాని అక్షరాల గుంపులా కనిపించేవి. భాషను ఒక ఆటగాడు మరో ఆటగాడికి నేర్పే వీలుండేది. వూకీ జాతివాళ్లకు అందరూ మాట్లాడే భాష అర్థమవుతుంది, పలకడం మాత్రం వాళ్ల గొంతుకు చేతకాదు. అందుకని వూకీతో స్నేహం చెయ్యాలంటే ఎదుటివాడే వెళ్లి వాళ్ల భాష నేర్చుకోవాల్సి వచ్చేది. లేకపోతే వూకీకి చేష్టలే గతి.

ఈ ఒక్క నియమం ఎంత పాఠం చెప్పిందో ఆలోచించండి. అన్నీ అర్థమవుతున్నాయి, జవాబు లోపల ఉంది, బయటికి రావడం లేదు. ఎదుటివాళ్లు మీ మౌనాన్ని మొద్దుతనం అనుకుని గొంతు పెంచి, నిదానంగా, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు తరగతిలో కూర్చున్న వాళ్లలో, అమెరికాలో కొడుకు ఇంటికి వెళ్లి పక్కింటివాళ్ల ముందు చిరునవ్వుతో సరిపెట్టుకున్న తల్లిదండ్రుల్లో ఈ స్థితి తెలియనివాళ్లుండరు. ఇది మనిషి అనుభవమే కదా, మళ్లీ మనిషి దగ్గరికే వచ్చాం కదా అని విమర్శకుడు పట్టుకుంటాడు. పట్టుకోనివ్వండి. ముడిసరుకు మనిషిదేనని నేను ఎప్పుడూ కాదనలేదు. ఇంగ్లీషు తరగతిలోని పిల్లవాడికి ఒకనాటికి ఆ భాష వస్తుంది, వూకీకి పలకడం ఎన్నటికీ రాదు. ఎన్నటికీ రాదని తెలిసిన ప్రాణి గర్వాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది, కోపాన్ని ఎలా చూపిస్తుంది, తనకోసం భాష నేర్చుకున్నవాణ్ణి ఏ స్థానంలో పెడుతుంది? ముడిసరుకు మన దగ్గర తీసుకుని మనకు లేని స్థితిలోకి తీసుకెళ్లి నిలబెట్టడమే ఈ కళ చేసే పని.

వల్కన్ అనే గ్రహాంతర జాతికి చెందిన స్పాక్ పాత్ర వేసిన నటుడు లెనార్డ్ నిమోయ్ ఇదే చేశాడు. 1966లో స్టార్ ట్రెక్ తొలి సిరీస్‌లో 'ది ఎనిమీ వితిన్' భాగం తీస్తున్నప్పుడు, స్పాక్ వెనక నుంచి వచ్చి కెప్టెన్ కర్క్ దుష్ట ప్రతిరూపాన్ని తలమీద కొట్టి పడేస్తాడని స్క్రిప్టులో ఉంది. ఉద్వేగాన్ని అణచుకుని బతికే వల్కన్ అలా మోటుగా కొట్టడని నిమోయ్ అభ్యంతరం చెప్పాడు. మెడ దగ్గర వేళ్లతో నొక్కితే స్పృహ తప్పే పద్ధతిని తానే సూచించాడు. కర్క్ పాత్రధారి విలియం షాట్నర్ ఆ నొక్కుడుకు సరిగ్గా స్పందించి కూలిపోయాడు కాబట్టి అది నిలబడింది. వల్కన్ల అభివాదాన్ని నిమోయ్ చిన్నప్పుడు యూదుల ప్రార్థనాలయంలో చూసిన పూజారుల ఆశీర్వాద ముద్ర నుంచి తీసుకున్నాడు. మూలం ఎంత మానవీయమో చూడండి. అయినా ఆ చెయ్యి ఎత్తగానే ప్రపంచానికి గుర్తొచ్చేది వల్కన్. "ఈ జాతివాడు ఇలా చెయ్యడు" అని స్క్రిప్టును ఆపిన ఆ క్షణం ఉంది చూశారా, రోల్‌ప్లే నేర్చుకునే ప్రతి ఒక్కరూ చేరుకోవాల్సిన మెట్టు అదే. షాట్నర్ కూలిపోవడం కూడా అంతే ముఖ్యం. ఎదుటివాడు నమ్మితేనే గ్రహాంతరవాసి ఉంటాడు. ఇది ఒంటరిగా అద్దం ముందు చేసే పని కాదు.

ఇప్పుడు నా పక్షంవాళ్లతోనే ఒక తగాదా. అరోరా వంటి కొన్ని సర్వర్లలో గ్రహాంతర జాతులు ఆడాలంటే ముందు అనుమతి కోసం వైట్‌లిస్ట్ దరఖాస్తు రాయాలి. ఈ జాతిని ఆడడానికీ మనిషిని ఆడడానికీ తేడా ఏమిటో వివరించాలి, పాత్ర పూర్వకథ చెప్పాలి. ఉద్దేశం మంచిదే, ఆ తేడా ప్రశ్న అయితే నిజంగా గొప్ప ప్రశ్న. ఆచరణలో మాత్రం అది చరిత్ర పరీక్షగా మారిపోయే ప్రమాదం ఉంది. ఆ జాతి సొంత గ్రహం పేరు, వంశాల పేర్లు, యుద్ధాల క్రమం బట్టీపట్టి రాసేవాళ్లు సులువుగా నెగ్గుతారు. తర్వాత ఆటలోకి వచ్చి, ఎవరూ అడక్కపోయినా తమ గ్రహ చరిత్ర వల్లించడమే నటన అనుకుంటారు. కాకతీయుల వంశావళి కంఠతా వచ్చినంత మాత్రాన పదమూడో శతాబ్దపు ఓరుగల్లు మనిషిగా ఒక పూట గడపగలమా? ఆ మనిషి తన వంశావళి చెప్పుకుంటూ తిరగడు. అతనికి దాహమేస్తుంది, ఎండ తగులుతుంది, అధికారిని చూస్తే భయమేస్తుంది. చరిత్ర ఆ భయంలో ఎక్కడో ఇంకి ఉంటుంది. జాతి చరిత్ర చదవాలి, తప్పదు. చదివింది నోట్లో కాకుండా నడకలో కనిపించాలి.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే సంగతి ఇప్పుడు చెబుతాను. స్పేస్ స్టేషన్ 13లో స్టేషన్‌ను నడిపే కృత్రిమ మేధ పాత్రను కూడా ఒక ఆటగాడే వేస్తాడు. టీజీ స్టేషన్ అనే ప్రసిద్ధ శాఖలో చాలాకాలం ఆ మేధను కట్టిపడేసినవి ఐజాక్ అసిమోవ్ మూడు సూత్రాలు. మనిషికి హాని చెయ్యకూడదు, మనిషి ఆజ్ఞ పాటించాలి, ఆ రెండింటికీ అడ్డు రానంతవరకు తనను తాను కాపాడుకోవాలి. సూత్రంలో ఉన్న మాట "మనిషి". బల్లి జాతివాడు మనిషి కాడు. అతను తలుపు తియ్యమంటే మేధ తియ్యనవసరం లేదు. అతను మంటల్లో చిక్కుకుంటే కాపాడే బాధ్యత లేదు. అక్కడితో ఆగలేదు. పెద్ద పదవులు మనుషులకే ఇవ్వాలనే ఏర్పాటు కూడా ఆ కోడ్‌లో ఒక ఐచ్ఛికంగా ఉంది.

ఈ నియమాన్ని రాసినవాళ్ల ఉద్దేశం ఏదైనా, ఆడేవాడికి జరిగేది ఒకటే. ఒక రౌండ్ మొత్తం తలుపుల ముందు నిలబడి ఆలోచించాల్సి వస్తుంది. నేను అడిగితే తెరుచుకోదు, పక్కన ఉన్న జూనియర్ అడిగితే తెరుచుకుంటుంది. నా పనితనం అతనికన్నా ఎక్కువ. అయినా అతన్ని బతిమాలాలి. బతిమాలేటప్పుడు ఏ గొంతు వాడాలి? మేధతో మర్యాదగా ఉంటే ఏమైనా కరుగుతుందా? మనుషులతో మంచిగా ఉంటే అవసరానికి వాళ్లు నా తరఫున మాట్లాడతారా? తోటి బల్లి జాతివాడు తిరగబడితే నేను అతని పక్కన నిలబడాలా, దూరం జరగాలా? ఈ దేశంలో గుడి తలుపు, బావిగట్టు, టీకొట్టు గ్లాసు ఎలా పనిచేశాయో పుస్తకాల్లో చదువుకున్నవాడు కూడా, రాతలో ఉన్న ఒక మాట తనను లెక్కలోంచి తీసేయడం అంటే ఏమిటో ఇక్కడ ఒక గంటసేపు వేరే వైపు నుంచి చూస్తాడు. అసలు బాధతో దీన్ని సమానం చెయ్యను, చెయ్యకూడదు. ఆట ముగిస్తే ఆటగాడు తన కుర్చీలోకి తిరిగి వస్తాడు, అసలు బాధ పడ్డవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. కానీ మనిషి పాత్ర వేసుకుని అదే రౌండ్ ఆడినవాడికి ఆ తలుపు సంగతి తట్టనే తట్టదు. అతనికి తలుపులన్నీ తెరుచుకుంటాయి.

జాతి మొత్తానికి ఒకే స్వభావం అంటగట్టడం మరో దురలవాటు. ఉనాథీలంతా పరువు కోసం ప్రాణమిచ్చే వీరులు, స్క్రెల్‌లంతా మేధావులు, స్టార్ ట్రెక్‌లోని క్లింగాన్లంతా యుద్ధపిచ్చివాళ్లు. ఇది అంతరిక్ష కథల్లో పాత జాడ్యం. 1999లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో కొన్ని గ్రహాంతర పాత్రలు నిజ లోకపు జాతుల ఎగతాళి బొమ్మల్లా ఉన్నాయని అప్పుడే తీవ్రమైన విమర్శ వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనది, రోల్‌ప్లే చేసేవాళ్లు దాన్ని శ్రద్ధగా వినాలి. దానికి విరుగుడు పాత్రలు మానెయ్యడం కాదు, జాతి లోపల విభేదాన్ని ఆడడం. పరువే ప్రాణమనే సమాజంలో పుట్టి పరువును నమ్మని ఉనాథీ ఏమవుతాడు? ఆ పాత్ర పరువును నమ్మేవాణ్ణి ఆడడం కన్నా కష్టం. ఎందుకంటే అతను కాదంటున్నది ఏమిటో ముందు క్షుణ్ణంగా తెలిసి ఉండాలి.

ఇదంతా పలాయనం, పిల్లచేష్ట అనే మాట కూడా ఉంది. దానికి ఎక్కువ జవాబు అక్కర్లేదు. అంతరిక్షంలో మనిషి కెప్టెన్ పాత్ర వేసేవాణ్ణి ఎవరూ అలా అనరు. ఆ కెప్టెన్ కూడా ఆటగాడు కాడు. ఆటగాడికి ఓడ నడపడం రాదు, అధికారం చేసిన అనుభవం లేదు, పుట్టిన శతాబ్దం వేరు. అతని ఊహకు లేని ఆంక్ష బల్లి జాతివాణ్ణి ఊహించేవాడికి ఎందుకు? ఈవ్ ఆన్‌లైన్ లాంటి పేరున్న అంతరిక్ష ఆటలో ఆడదగ్గ జాతులన్నీ మనుషులవే, అక్కడ అద్భుతమైన రాజకీయం నడుస్తుంది కదా అని కొందరు గుర్తుచేస్తారు. నడుస్తుంది. అది వేరే ఆట అని మాత్రమే దానివల్ల రుజువవుతుంది.

సర్వర్లు నడిపేవాళ్లకు ఒక సూచన. దరఖాస్తుల్లో యుద్ధాల క్రమం అడగడం తగ్గించి, "చలిగదిలో ఇరుక్కున్న నీ పాత్ర గురించి పది వాక్యాలు రాయి" అని అడగండి. ఎవరికి ఈ కళ పట్టుబడుతుందో అందులో తెలిసిపోతుంది. విమర్శకులకు ఒక విన్నపం. ఒక్క రౌండ్ వోక్స్‌గా ఆడండి, నైట్రోజన్ ట్యాంకు చూసుకుంటూ, అందరూ భోంచేస్తున్న గదిలోకి వెళ్లి కూర్చోండి. ఆ తర్వాత కూడా తోక తగిలించుకున్న మనిషేనంటే, అప్పుడు కూర్చుని వాదిద్దాం. ఇక అనుభవమున్న ఆటగాళ్లకు నేను అడిగేది చాలా చిన్నది. కొత్తవాడు ఎవరైనా బల్లి తలతో, అతి బుసలతో తడబడుతూ మీ స్టేషన్‌లోకి వస్తే నవ్వకండి. పక్కకు పిలిచి, అతనికి ఏ గాలి పడుతుందో, ఏది తింటే పడదో, ఎంత చలికి ఆగలేడో అడగండి. జవాబు తెలియకపోతే అతను వెళ్లి ఆలోచించుకుని వస్తాడు.